ఉరిమితే ప్లగ్గు పీకే ఇల్లు

"కాస్త బుర్రున్నవాళ్లు ఎవరైనా అప్‌డేట్ నడుస్తుంటే ప్లగ్గు పీకుతారా అండీ?"

చివర 'అండీ' తగిలిస్తే ఏ మాటైనా మర్యాదగానే ఉంటుందని పాల్ నమ్మకం. బెజవాడ కుర్రాళ్లలో చాలామందికి ఉన్న నమ్మకమే అది.

ఫోన్లో అవతల నుంచి ఓ పెద్దావిడ గొంతు, ఏమాత్రం తొందర లేకుండా వచ్చింది.

"పీకింది నేనే బాబూ. నా పేరు అమలమ్మ. హెడ్ నర్సుగా చేసి రిటైరయ్యాను. నాకు బుర్ర ఉందా లేదా అని పెద్ద డాక్టర్లు కూడా అడగలేదు. ఇంతకీ నీ పేరేంటి?"

పాల్ పేరు చెప్పాడు. ఇంకేదైనా పేరు చెప్పి ఉండాల్సిందని ఫోన్ పెట్టేశాక అనిపించింది.

జరిగిందేమిటంటే, పాల్ మొగల్రాజపురంలో వైఫై రౌటర్లు తయారుచేసే ఓ చిన్న కంపెనీలో పనిచేస్తాడు. రౌటర్ లోపల నడిచే ప్రోగ్రామును ఫర్మ్‌వేర్ అంటారు. దాని కొత్త వెర్షన్ రాసింది అతనే. ఊరందరికీ వదిలేముందు కొన్ని ఇళ్లకు రౌటర్లు ఊరికే ఇచ్చి, బీటా పేరుతో పరీక్ష చేస్తున్నారు. ఆ మధ్యాహ్నం అతను ఆఫీసులో కూర్చుని అన్ని ఇళ్లకూ అప్‌డేట్ పంపాడు. సరిగ్గా అప్పుడే గుణదల మీద ఉరిమింది. అమలమ్మ గారు లేచి టీవీ, ఫ్రిజ్, రౌటర్, వరసగా ప్లగ్గులన్నీ పీకేశారు. అప్‌డేట్ సగంలో తెగింది. రౌటర్ మళ్లీ కళ్లు తెరవలేదు.

సాయంత్రం కాకముందే, సగం తడిసిన ఓ అమ్మాయి చీరల షాపు కవర్లో రౌటర్ పెట్టుకుని ఆఫీసు మెట్లెక్కింది.

"పాల్ అంటే ఎవరండీ?"

ఆఫీసంతా ఒక్కసారిగా అతన్ని చూపించింది. ఇలాంటప్పుడు మాత్రం వాళ్ల మధ్య ఐకమత్యం బాగుంటుంది.

"నేను హెప్సిబా. బుర్ర లేని ఇంటి నుంచి వచ్చాను," అంటూ ఆ అమ్మాయి కవరు అతని బల్ల మీద పెట్టింది.

పాల్ లేచి నిలబడ్డాడు. కోపంగా ఉన్న కళ్లు ఇంత అందంగా ఉంటాయని అతనికి అంతవరకూ తెలీదు. తెలుసుకోవడానికి అది సమయం కూడా కాదు.

"సారీ అండీ. కానీ పవర్ తీయొద్దని స్క్రీన్ మీద రాశాం."

"ఏ స్క్రీన్ మీద?"

"ల్యాప్‌టాప్‌లో సెట్టింగ్స్ పేజీ తెరిస్తే..."

"అంటే ఉరుముతుంటే మా అమ్మ ల్యాప్‌టాప్ తెరిచి, సెట్టింగ్స్‌లోకెళ్లి, మీరు ఏం రాశారో చదివి, అప్పుడు ప్లగ్గు దగ్గరికి వెళ్లాలా?"

పక్క సీట్లో ఎవరో కిసుక్కున నవ్వారు.

"నేను ఆన్‌లైన్‌లో కీబోర్డ్ నేర్పుతానండీ. దుబాయ్‌లో ఓ పిల్లకి పాట సగం చెప్పి మాయమైపోయాను. వాళ్లమ్మ క్లాసు మాన్పిస్తానంటోంది. అది సరే, ముందు మా అమ్మకి సారీ చెప్పండి."

"రేపే వచ్చి చెప్తానండీ. కొత్త రౌటర్ కూడా నేనే బిగిస్తా."

మర్నాడు వెళ్లాడు. సారీ చెప్పాడు. అమలమ్మ గారు విన్నారు, టీ ఇచ్చారు, మొహం మాత్రం విప్పారలేదు.

ఆ తర్వాత గుణదల ఇంట్లో రౌటర్‌కి ఎన్ని పరీక్షలు అవసరమయ్యాయో చెబితే నమ్మరు. మిగతా బీటా ఇళ్ల వాళ్లకి పాల్ మొహం కూడా సరిగ్గా గుర్తులేదు.

"హాల్లో సిగ్నల్ నిన్న చూశారుగా?" అంది హెప్సిబా ఓ రోజు గుమ్మంలో నిలబడి.

"నిన్న ఎండగా ఉందండీ. ఈ రోజు మబ్బు పట్టింది."

"వైఫైకి మబ్బుతో పనేంటి?"

"అదే చూద్దామని."

ఆమె నవ్వు ఆపుకోవడానికి పెదవి కొరుక్కుంది. ఆగలేదు. పాల్ ఆ రోజు సిగ్నల్ చూడటం మర్చిపోయి, చూసినట్టు రాసేసుకున్నాడు.

వాన పడితే ఆగేదాకా కూర్చునేవాడు. ఆమె కీబోర్డ్ మీద అతని చేత ఓ చిన్న పాట వాయింపించడానికి ప్రయత్నించింది. "మీరు కోడ్ రాసుకోండి," అని వదిలేసింది. అతను రాకపోతే ఆ సాయంత్రం ఇల్లు బోసిగా ఉందని తనకే తెలిసేది. అది మాత్రం అతనికి చెప్పలేదు.

ఓ బుధవారం చెప్పింది, వేరేగా.

"గన్నవరం నుంచి సంబంధం వచ్చింది. బ్యాంకులో ఆఫీసరు. ఆదివారం గుడిలో ప్రార్థన అయి వచ్చాక వాళ్లకి అమ్మ ఏదో ఒక మాట చెప్పాలి."

పాల్ చేతిలో టీ అలాగే ఉండిపోయింది. "మీకు నచ్చాడా?"

"నాకెవరు నచ్చారో అమ్మకి తెలుసు. ఆ ఎవరో మొదటి రోజే బుర్ర గురించి మాట్లాడకుండా ఉంటే ఇన్ని తిప్పలు ఉండేవి కావు."

అతనికి అర్థం కావడానికి కొంచెం టైం పట్టింది. అర్థమయ్యాక టీ ఒంటిమీద ఒలికింది.

ఆనందం ఆఫీసుకు వెళ్లేదాకానే నిలిచింది. అక్కడ బాస్ లక్ష్మీకాంత్ ఓ కట్ట స్టిక్కర్లు చేతిలో పెట్టాడు. ఎర్ర అక్షరాలతో, 'ప్లగ్గు పీకరాదు' అని.

"ప్రతి బీటా ఇంట్లో అంటించు. ముందు ఆ గుణదల ఇంట్లో," అన్నాడు.

పాల్ గురువారం అంటించాడు. అమలమ్మ గారు కళ్లజోడు పెట్టుకుని చదివారు. "ఎవరికోసం ఇది?" అని అడిగారు. ఆ ఇంట్లో ప్లగ్గు పీకేది ఆవిడొక్కరే. అతను తల దించుకుని బయటికొచ్చేశాడు. ఇక గన్నవరం ఖాయమనుకున్నాడు.

మనసు ఆగక, హనుమాన్ జంక్షన్లో ఉన్న వాళ్లమ్మకి ఫోన్ చేశాడు.

"అమ్మా, ఒకమ్మాయి గురించి చెప్పాలి."

"ఆగరా, ఇక్కడ ఉరుముతోంది. ప్లగ్గులు పీకుతున్నా, మళ్లీ చెయ్యి," అని పెట్టేసిందావిడ.

పాల్ బండి పక్కన నిలబడి ఫోన్ వైపు చూశాడు. తర్వాత పగలబడి నవ్వాడు. కృష్ణా జిల్లాలో ఉరిమితే ప్లగ్గు పీకని అమ్మ ఎక్కడుంది? తప్పు అమ్మలది కాదు, తను రాసినదానిది.

"స్టిక్కర్లు వద్దు సార్," అన్నాడు లక్ష్మీకాంత్‌తో. "కొత్త వెర్షన్ పూర్తిగా కుదురుకునేదాకా పాతది చెరపకుండా పక్కన ఉంచుదాం. మధ్యలో పవర్ పోతే పాతదానితోనే లేస్తుంది."

"రిలీజ్ వెనక్కి పోతుందయ్యా."

"పోనివ్వండి సార్. మన అమ్మల్ని మార్చడం కంటే అదే తేలిక."

లక్ష్మీకాంత్ కూడా ఓ అమ్మ కొడుకే. స్టిక్కర్ల కట్ట వెనక్కి తీసుకున్నాడు.

శనివారం పాల్ కొత్త ఫర్మ్‌వేర్‌తో గుణదల వెళ్లాడు. ముందు స్టిక్కర్ పీకేశాడు. తర్వాత రౌటర్ పక్కన స్టూలు వేశాడు.

"అమ్మగారూ, అప్‌డేట్ పెడుతున్నాను. మీకు ఎప్పుడు తోస్తే అప్పుడు ప్లగ్గు పీకండి."

"ఎన్నిసార్లు?"

"మీకు నా మీద కోపం తీరేదాకా."

అమలమ్మ గారు స్టూలు మీద కూర్చున్నారు. పీకారు. పెట్టారు. కాసేపటికి ఆకుపచ్చ లైటు వెలిగింది. మళ్లీ పీకారు. మళ్లీ వెలిగింది. వంటింట్లోకి వెళుతున్నట్టు నటించి, వెనక్కి తిరిగి వచ్చి పీకారు. అప్పుడూ వెలిగింది.

"పేషెంటు గట్టివాడే," అన్నారావిడ. పెదవి చివర కొంచెం నవ్వు కనిపించింది.

"తప్పంతా నాదండీ," అన్నాడు పాల్. "ఉరిమితే మా అమ్మా పీకుతుంది. ఆవిణ్ని ఎవరైనా ఆ మాటంటే నేను ఊరుకోను. మీతో మాత్రం అనేశాను. అప్పట్నుంచీ సిగ్గుతో చస్తున్నా."

ఆవిడ అతన్ని చాలాసేపు చూశారు. లేచి వెళ్లి ఇంకో టీ తెచ్చారు, ఈసారి బిస్కెట్లతో. ఆ బిస్కెట్లకి అర్థమేమిటో తెలీక పాల్‌కి ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఆదివారం, గుడి అయిపోయే వేళ చూసి, రిలీజ్ పని కోసం వచ్చిన ఆఫీసు నుంచి హెప్సిబాకి వీడియో కాల్ చేశాడు.

"క్వాలిటీ టెస్టా?" అంది ఆమె తెరమీద.

"కాదు. ఒకటి అడగాలి. భయమేస్తోంది, అయినా అడుగుతా. హెప్సిబా, మీరు నన్ను..."

బొమ్మ ఆగిపోయింది. కాల్ తెగింది. ఆఫీసు కంప్యూటర్ గుణదల రౌటర్ పూర్తిగా ఆఫ్ అని చూపిస్తోంది. బయట చూస్తే ఎండ మండిపోతోంది.

పాల్ బండి తీశాడు. గుణదల చేరేసరికి అమలమ్మ గారు వసారాలో, గుడికి కట్టుకెళ్లిన చీరలోనే, కుర్చీలో కూర్చుని ఉన్నారు.

"రౌటర్ పోయిందా అండీ?"

"లక్షణంగా ఉంది. ప్లగ్గు పీకాను."

"ఉరమలేదుగా?"

"ఉరమలేదు. పిల్లని అడగాల్సిన మాట ఫోన్లో అడుగుతారా ఎవరైనా? అలాంటిది ఇంటికొచ్చి, ఎదురుగా నిలబడి అడగాలి. అందుకే పీకాను." ఆవిడ కుర్చీ జరిపారు. "గన్నవరం వాళ్లకి పొద్దున్నే వద్దని చెప్పేశాను. ఇప్పుడు అడుగు."

హెప్సిబా గుమ్మంలోకి వచ్చి నిలబడింది. పాల్ గొంతు సవరించుకున్నాడు. దారంతా తయారుచేసుకున్న మాటలేవీ గుర్తు రాలేదు.

"నన్ను పెళ్లి చేసుకుంటారా?"

"చేసుకుంటానని ఎప్పుడో చెప్పాను," అంది ఆమె. కళ్లు తుడుచుకుంటూ నవ్వుతోంది. "మీరు మాయమయ్యాక. ఖాళీ తెరకి చెప్పుకున్నా. ఇప్పుడు మీకే చెప్తున్నాను. అవును."

పాల్ నవ్వబోయాడు, ఏడుపొచ్చింది. అమలమ్మ గారు అది చూడనట్టు లోపలికెళ్లి, అతనికీ ఓ కంచం పెట్టారు.