నలుగు పీట

2081 నాటికి కాకినాడలో పెళ్లి మేళం యంత్రాలే వాయిస్తున్నాయి, విందూ యంత్రాలే వడ్డిస్తున్నాయి. నలుగు మాత్రం ఇంకా మనుషులే పెడుతున్నారు. పెళ్లికొడుకును చొక్కా విప్పించి పీట మీద కూర్చోబెట్టి, చుట్టాలంతా మూగి మరీ పెడుతున్నారు. ఆ పీట తలుచుకుంటేనే పెళ్లికొడుకు విహారికి చెమటలు పట్టేవి. ఎత్తుగా పెరిగిన రొమ్ములను పదమూడో ఏట నుంచీ వదులు చొక్కాల కింద దాచుకు తిరిగినవాడు మరి! నలుగు ఎల్లుండే.

"పూర్వం కొవ్వును గొట్టంతో లాగేవాళ్లు, గ్రంథిని కోసి తీసేవాళ్లు," అంది ఆసుపత్రిలో డాక్టర్ నీలోఫర్. "మా సమశిల్పి యంత్రం కత్తి పట్టదు. మగవాడంటే ఇతడే అన్న రూపం ఒకటి మీ మెదడులో ఉంటుంది. దాన్ని మనోబింబం అంటాం. అది చదవడానికి గంట పడుతుంది. ఆ రూపం కన్నా ఎక్కువున్న కణజాలాన్ని ధ్వనితరంగాలతో కరిగించడం అయిదు నిమిషాల పని."

విహారి ఒక సినిమా హీరోను గట్టిగా తలుచుకుని యంత్రం కింద పడుకున్నాడు. తోడొచ్చిన తండ్రి వీర్రాజు టీ తాగొస్తానని బయటికి జారుకున్నాడు.

గంట తర్వాత యంత్రం మాట్లాడింది. "తొలగించవలసినది లేదు. మనోబింబం, మీ ఒళ్లు రెండూ ఒక్కటే."

"మతిపోయిందా దీనికి!" విహారి లేచి తెర చూశాడు. తెర మీద హీరో లేడు, వీర్రాజు ఉన్నాడు. జ్వరంతో మూలుగుతున్న నాలుగేళ్ల కొడుకును బనియన్ లేని గుండెల మీద పడుకోబెట్టుకున్నాడు. ఆ ఛాతీ అచ్చం తన ఛాతీయే. ఆ తర్వాత తండ్రి బనియన్ విప్పగా ఎన్నడూ చూడలేదు, ఆ సంగతే మరిచిపోయాడు.

"పోనీ, అందరికీ వాడే ఆసుపత్రి నమూనాతో చేయమంటారా?" అంది నీలోఫర్.

"వద్దండీ. ఇలాగే పీట మీద కూర్చుంటాను. పక్కన మా నాన్నుంటే చాలు."

చొక్కా భుజాన వేసుకుని వరండాలోకి పరుగెత్తాడు. పక్క గదిలోంచి వీర్రాజు వస్తున్నాడు. ఛాతీ పలకలా చదునుగా ఉంది.

"నాన్నా! ఏంటిది?"

"పెళ్లిలో నేనూ చొక్కా విప్పాలి కదరా. నన్ను చూసి, కుర్రాడికీ ఉండే ఉంటాయని ఎవడైనా నవ్వితే? నా వల్ల నీకు తలవంపులెందుకని నీతోపాటే పేరు రాయించాను." వీర్రాజు సిగ్గుగా నవ్వాడు. "తెర మీద మా నాన్న కనబడ్డాడ్రా. ఆయనా ఇంతే. ఆయన్ని తీసేసి ఆసుపత్రి నమూనా పెట్టమన్నాను. బాగుందా?"

విహారి ముందుకు వంగి, ఆ గుండె మీద తల ఆనించాడు. చెంపకు ఎముకలు తగిలాయి.