జూలైలో మోగే ఫోను

ఆ మూడో అంతస్తులో, కిటికీ పక్క బల్ల మీద, బూడిదరంగు ఫోను ఒకటి ఉండేది. జూలై నెలలో అది మోగితే ఎత్తకూడదు.

ఇది ఎవరో గోడకు అంటించిన రూలు కాదు. ఫిన్లాండ్ పడమటి తీరంలో, కార్లెక్కే పెద్ద ఓడలకు తలుపులు చేసే ఆ కర్మాగారంలో కొత్తగా చేరినవాళ్లకు కాఫీ గదిలో మొదటి రోజే చెవిన వేసే మాట. ఎత్తినవాళ్లు ఇద్దరున్నారట. ఒకామె ఎత్తింది, విన్నది, పెట్టేసింది — సంచీ కూడా తీసుకోకుండా బస్సెక్కి వెళ్లిపోయింది. ఇంకొకాయన ఏం విన్నాడో ఎవరికీ చెప్పలేదు... బల్ల మాత్రం మార్పించుకున్నాడు.

ఆ ఫోను తీగ నేలమాళిగలోకి పోతుంది. బాంబులు పడితే దాక్కోవడానికి కట్టిన గది అది. మందపాటి కాంక్రీటు, ఇనుప తలుపు, మోకాలెత్తు ఇనుప గడప. బాంబులు పడలేదు కనక అందులో సర్వర్లు పెట్టారు. వాటిలో ఉన్న సాఫ్ట్‌వేర్‌ని అందరూ ఖజానా అనేవారు. వాళ్లు చేసిన ప్రతి తలుపు, ప్రతి మడతబందు, ప్రతి బోల్టు డ్రాయింగూ అందులోనే. ఎవరు గీశారు, ఎవరు దిద్దారు, దిద్దిన ముక్క ఏ ఓడకు పోయింది — అంతా దాని గుప్పిట్లోనే.

దాన్ని పెంచినవాడు ఔలిస్. ఒక జూలైలో దానికి కొత్త వెర్షన్ ఎక్కించడానికి ఒక్కడే ఆ గదిలోకి దిగాడు. జూలైలోనే ఎందుకంటే, అప్పుడు ఊరంతా సరస్సుల పక్కనున్న వేసవి గుడిసెల్లో ఉంటుంది. డ్రాయింగు తెరిచేవాడుండడు.

గది తలుపు తెరిచేవాడూ ఉండడు... ఆగస్టులో పనిలోకి వచ్చినవాళ్లకు దొరికాడు.

గుండె ఆగిందన్నారు. అప్పట్నుంచే ఆ ఫోను మోగడం.

దెయ్యాలకు చీకటి కావాలంటారు. నేనొప్పుకోను. అక్కడ జూలైలో అర్ధరాత్రి కూడా ఆకాశం పాలు కలిపిన నీళ్లలా ఉంటుంది. ఆ వెలుగులోనే జరిగింది ఇది. ఇర్మెలి నోట విన్నవాళ్లు చెబితే నేను విన్నాను.

ఇర్మెలి, ఔలిస్ దగ్గరే పని నేర్చుకుని, అతని తర్వాత ఖజానాను చూసుకుంటున్న మనిషి. పాత వెర్షన్‌కి ఇక మరమ్మతులు చెయ్యలేమని తయారుచేసినవాళ్లు చేతులెత్తేశారు. మార్చక తప్పలేదు. రెండేళ్లు కూర్చుని పథకం వేసింది. ఖజానాకి నకలు చేసి, దాని మీద మళ్లీ మళ్లీ ఎక్కించి చూసింది. సెలవుల ముందు బల్లబల్లకూ తిరిగింది.

"తెరిచిన డ్రాయింగులన్నీ మూసి లోపల పెట్టావా? పెట్టకుండా పోయావో, నీ పడవకి చిల్లు పెడతా!"

పథకంలో మొదటి మాట — ఎవరూ ఒంటరిగా చెయ్యకూడదు. చివరి మాట — దారిలో యంత్రం "ముందుకు పోనా?" అని అడుగుతుంది, మనిషి జవాబివ్వకపోతే అదే వెనక్కి తిరిగి పాత ఖజానాగా మారిపోవాలి. రక్షణ కోసం ఆమే పెట్టించింది ఆ షరతు.

కింద సర్వర్ల గదిలో కూర్చోవడానికి ఎస్కో ఒప్పుకున్నాడు. కరెంటు పనివాడు, ఎలుగుబంటి లాంటి మనిషి.

"ఔలిస్ కనిపిస్తే ఏం చెప్పమంటావ్?" అన్నాడు, మంచం మడతపెట్టి చంకన పెట్టుకుంటూ.

"వాడి కాఫీ కప్పు వాడినే కడుక్కోమను. ఇప్పటికీ అలమరలో అలాగే ఉంది."

"సరే. ఫోన్ చేసి చెప్పనా, ఏమంటాడో?"

"ఆ ఫోను జోలికెళ్లకు ఎస్కో. ఏదన్నా ఉంటే మెట్లెక్కి రా. కాస్త ఒళ్లు తగ్గుతుంది."

"నా ఒంటి మీద పడ్డావేంటి తల్లీ! తలుపేసుకుని చల్లగా పడుకుంటా. యంత్రం కూతపెడితే లేస్తా."

అదే అతని చివరి మాట ఆ రాత్రికి.

మొదట్లో అంతా బాగానే సాగింది. ఇర్మెలి పైన తెర ముందు కూర్చుని రై గింజల పిండితో చేసిన నల్లరొట్టె తింటోంది. తెర మీద పచ్చటి గీత జరుగుతోంది... జరుగుతోంది. బయట సముద్రపు కాకులు అరుస్తున్నాయి. ఇంకాసేపట్లో ఆ ప్రశ్న వస్తుంది. అవునంటే చాలు — రెండేళ్ల పని ఒడ్డున పడుతుంది.

ఫోను మోగింది.

ఇర్మెలి దానివైపు చూడలేదు. మోగింది, మోగింది... ఆగింది.

"వెధవ వేషాలు," అంది గట్టిగా, తనకు ధైర్యం కోసం.

మళ్లీ మోగింది.

తిట్టడానికే ఎత్తింది. "ఎస్కో, నీ —"

ఫ్యాన్ల హోరు. ఆ హోరులోంచి ఒక గొంతు... కాస్త ముక్కుతో పలికే గొంతు. ఆమెకి పని నేర్పిన గొంతు.

"లోపల వేడెక్కింది... కిందికి రండి."

ఆమె ఫోను చెవికి ఇంకా గట్టిగా నొక్కుకుంది.

"లోపల వేడెక్కింది... కిందికి రండి."

కాసేపు ఏమీ లేదు. తర్వాత, మెల్లిగా —

"మనిషి లేవడం లేదు."

ఇర్మెలి తెరవైపు చూసింది. పచ్చగీత చివరికొచ్చింది. ప్రశ్న ఏ క్షణమైనా రావచ్చు. ఒక్క నిమిషం ఆగితే... ఒక్క నిమిషం.

ఆగలేదు. కుర్చీ ఇంకా తిరుగుతూనే ఉంది, ఆమె మెట్ల మీద ఉంది.

ఇనుప తలుపు పిడి కాలుతోంది. తెరిచింది. లోపలి వేడి మొహాన కొట్టింది, ఏదో తియ్యటి నూనె వాసనతో. ఎస్కో మంచం పక్కన బోర్లా పడి ఉన్నాడు. పెదాలు నీలంగా ఉన్నాయి.

"ఎస్కో... ఒరే ఎస్కో!"

ఊపిరి బిగబట్టి చంకల కింద చేతులేసి లాగింది. నున్నటి నేల మీద జరిగాడు. గడప దాకా వచ్చాడు.

అక్కడ ఆగిపోయాడు.

మోకాలెత్తు గడప. విషవాయువు రాకుండా పెట్టిన గడప. ఎత్తబోయింది — జారాడు. భుజం పెట్టి తోసింది — కదల్లేదు. అరిచింది — కాంక్రీటు మింగేసింది. సెల్‌ఫోనుకి అక్కడ సిగ్నల్ లేదు. పైమెట్టుకి పరిగెత్తి అంబులెన్స్‌కి చెప్పింది. వస్తున్నామన్నారు. ఎంతసేపని అడిగితే... "వస్తున్నామమ్మా," అన్నారు మళ్లీ.

తిరిగొచ్చి అతని తలను మాత్రం గడప మీదికి ఎత్తి పట్టుకుంది, మెట్లవైపు గాలికి. ఇంకేం చెయ్యాలో తెలియలేదు. చెయ్యడానికి ఇంకేమీ లేదు. జేబులో పథకం కాగితాలున్నాయి, వాటితోనే విసిరింది.

పైన ప్రశ్న వచ్చి ఉంటుంది. ఎదురుచూసి ఉంటుంది. ఎదురుగా సర్వర్ల పచ్చదీపాలన్నీ ఒక్కసారి ఎర్రబడ్డాయి... తర్వాత ఒక్కొక్కటే మళ్లీ పచ్చబడ్డాయి.

పాత ఖజానా తిరిగొచ్చింది. ఆమె చూస్తూ కూర్చుంది, విసురుతూ.

ఎస్కో బతికాడు. చల్లబరిచే యంత్రం గొట్టం పగిలి దాని వాయువు గదంతా నిండిందన్నారు. ఇంకాసేపైతే లేచేవాడు కాదన్నారు.

ఆగస్టులో అతనే సర్వర్ల వెనక దూరి, దుమ్ము కొట్టుకుపోయిన చిన్న పెట్టె బయటికి లాగాడు. వేడి పెరిగితే తనే పైకి ఫోన్ చేసి, నింపిపెట్టిన మాటలు వినిపించే పెట్టె. ఔలిస్ స్వయంగా అమర్చి, తన గొంతే నింపాడు. సెలవుల్లో ఖర్చెందుకని కట్టడం అంతటికీ గాలి ఫ్యాన్లు ఆపేస్తారు. గది వేడెక్కేది జూలైలోనే.

కాఫీ గది పగలబడి నవ్వింది. "ఇన్నేళ్లూ మనం పారిపోయింది వేడి కొలిచే పెట్టెని చూసా!"

మళ్లీ విందామన్నారు. ఎస్కో ఔలిస్ కప్పు కడిగి, పొగలు కక్కే కాఫీ పోసి, తీసుకెళ్లి ఆ పెట్టెకి ఆనించి, రొప్పుతూ పైకొచ్చాడు. అందరూ బూడిదరంగు ఫోను చుట్టూ మూగారు. మోగింది. ఇర్మెలి ఎత్తి, అందరికీ వినబడేలా పట్టుకుంది.

"లోపల వేడెక్కింది... కిందికి రండి."

"లోపల వేడెక్కింది... కిందికి రండి."

టక్కుమంది. లైను తెగిపోయింది.

నవ్వుతూ అందరూ కాఫీలకి మళ్లారు. ఇర్మెలి మాత్రం ఫోను చెవికి ఆనించుకుంది.

"అంతేనా ఎస్కో?"

"అంతే. ఆ ఒక్క ముక్కే ఉంది అందులో, రెండుసార్లు చెప్పి ఆగిపోతుంది. ఏం?"

మనిషి లేవడం లేదు — ఆ మాట అందులో లేదు.

"ఏం లేదు," అంది ఇర్మెలి. ఫోను మెల్లగా పెట్టేసి, ఎత్తుకెళ్లి తన బల్ల మీద పెట్టుకుంది.