మూడో మాట

"పెద్దాయన్ని లేపేయాలి," అన్నాడు బాస్, టీ కప్పు పక్కకి జరుపుతూ.

డేగ కనురెప్ప కూడా కదపలేదు. డిపార్ట్‌మెంట్‌లో అతని కోడ్ నేమ్ అది. పెద్దాయన అంటే రహస్య సంకేతాలు అల్లే సైఫర్ విభాగంలో రిటైరైన చీఫ్. మారువేషం కట్టడం, తాళం తీయడం, అబద్ధం అతికినట్టు చెప్పడం డేగకి నేర్పిన గురువు.

"విదేశాల్లో ఉన్న మన ఏజెంట్లని పిలిచే రేడియో సంకేతం ఆయన అల్లిందే. మూడు మాటలు. ఆయనకీ, వాళ్ళకీ తప్ప నాక్కూడా తెలీదు. రెండు మాటలు అవతలి ముఠా చేతికి చిక్కాయి. మూడోది కూడా దొరికితే మనవాళ్ళందర్నీ ఒకచోటికి పిలిచి కాల్చేస్తారు."

"ఆయనే అమ్ముతున్నారా?"

"కెంపు రిపోర్ట్ అదే."

కెంపు కూడా కోడ్ నేమే. ఊళ్ళో పేరుమోసిన న్యూరాలజిస్ట్. ఒకసారి చూసినవాడు చూపు తిప్పుకోలేనంత అందగత్తె. ముఠాలో డిపార్ట్‌మెంట్ నాటిన డబుల్ ఏజెంట్. మతిమరుపు వంకతో పెద్దాయన తన స్కాన్ సెంటర్‌కి వస్తున్నాడనీ, మెదడు మాత్రం నిక్షేపంగా ఉందనీ, ముఠా మనిషి అనుకుని తనకే రహస్యాలు అమ్ముతున్నాడనీ ఆవిడ కబురు పంపింది.

"నీ గురువు కదా, చేయగలవా?"

"ద్రోహికి గురువేంటి సార్," అన్నాడు డేగ. ఆ మాట అనడానికి క్షణం కూడా ఆలోచించలేదు.

బాస్ ఒక హాస్పిటల్ రిస్ట్ బ్యాండ్ టేబుల్ మీద పెట్టాడు. దాని లోపల వెంట్రుకంత సూది, సూదిలో విషం. ట్రిగ్గర్ డేగ వాచీలో ఉంటుంది. మూడో మాటకి నోరు తెరవగానే నొక్కాలి. చూసేవాళ్ళకి గుండెపోటు.

మర్నాడు పొద్దున విగ్గు, కళ్ళజోడు, అతికించిన మీసంతో డేగ పెద్దాయన పక్కన వెయిటింగ్ రూమ్‌లో కూర్చున్నాడు. స్కాన్ ఇంజెక్షన్ అప్పటికే ఇచ్చారు. మందు మెదడుకి చేరేదాకా ఆగాలి. పెద్దాయన మోచేతి మడతలో దూది ఉంది. డేగ ఆయన మణికట్టుకి బ్యాండ్ కట్టాడు.

"బిగుతుగా ఉందా మామయ్యా?"

"లేదు బాబూ. ఇంతకీ నువ్వెవరు?"

"మీ మేనల్లుణ్ణి."

"నాకు అక్కచెల్లెళ్ళు లేరే." పెద్దాయన జాలిగా నవ్వాడు. "కవర్ స్టోరీ అల్లేముందు చుట్టరికాలు చూసుకోవాలి కదా. నీకు ట్రైనింగ్ ఇచ్చిన వెధవెవడో గానీ..."

డేగకి ఒళ్ళు మండింది. దొంగ ముసలాడు, ఎంత నిబ్బరం అనుకున్నాడు.

స్కాన్ మొదలైంది. పేషెంట్ బంధువన్న మర్యాదతో టెక్నీషియన్ అతన్ని కంప్యూటర్ గదిలో కూర్చోనిచ్చాడు. అద్దం అవతల పెద్దాయన తల మిషన్ లోపల ఉంది. కెంపు పక్కనే నిలబడి ఆయన చెయ్యి పట్టుకుంది.

"ఆ మందు మతిమరుపు జబ్బులో మెదడులో పేరుకునే టౌ అనే ప్రొటీన్‌కి అంటుకుంటుందండీ. అది పేరుకున్నచోటల్లా ఎర్రగా కనబడుతుంది," అని టెక్నీషియన్ వివరించాడు. అంతలోనే విసుక్కున్నాడు. "మాట్లాడిస్తే తల కదిలి బొమ్మ పాడవుతుంది. ఎన్నిసార్లు చెప్పినా మేడమ్ వినరు."

స్పీకర్‌లోంచి కెంపు గొంతు సన్నగా వినిపించింది.

"నాన్నా, నేనే, అమ్మాయిని. ఆ మూడో మాట కూడా చెప్పేస్తే ఇంటికెళ్ళిపోదాం."

డేగ బొటనవేలు వాచీ మీదికి వెళ్ళి అక్కడే ఆగిపోయింది. పెద్దాయన కూతురు పోయి చాలా ఏళ్ళయింది. అంత్యక్రియలకి తను వెళ్ళాడు కూడా.

"రిపోర్ట్ నార్మలే కదా?" స్క్రీన్ వైపు తిరిగి అడిగాడు.

"నార్మలా?" టెక్నీషియన్ రెండో స్క్రీన్ చూపించాడు. "ఇది కిందటేడుది. అప్పటికే చెవుల పక్కభాగమంతా ఎరుపే. ఇప్పుడు వెనక్కి కూడా పాకింది. మేడమ్ చూశారుగా, మీకు చెప్పలేదా?"

స్క్రీన్ మీద గురువుగారి మెదడు నిప్పు అంటుకున్న ఇల్లులా ఉంది. ఆయన ఏమీ అమ్మలేదు. నేరం ఆయన మీదికి నెట్టి, కాలుతున్న ఇంట్లో చొరబడి కెంపే ముఠా కోసం దోచుకుంటోంది. తనేమో వాకిట్లో కత్తి పట్టుకుని నిలబడ్డాడు.

"ఏడవకమ్మా, చెప్తా," అంటున్నాడు పెద్దాయన. "మూడోది..."

డేగ వాచీ వదిలేసి మైకు బటన్ నొక్కాడు. "ఆపరేటర్, లైన్‌లో దొంగచెవి!"

రేడియో క్లాసులో పెద్దాయన శిష్యులందరికీ మొదటిరోజే నేర్పిన హెచ్చరిక అది. నిన్నటి భోజనం గుర్తులేని ఆ నోరు జీవితకాలపు అలవాటు కొద్దీ టక్కున మూసుకుంది.

కెంపు కోటు జేబులోంచి పిస్టల్ తీసేలోపు డేగ తలుపు తోసుకెళ్ళి ఆమె మణికట్టు మెలిపెట్టాడు. పిస్టల్ నేలమీద పడింది.

"ఎందుకంత కోపం?" అంది కెంపు, నొప్పిలోనూ నవ్వుతూ. "నేను కూతురి వేషం కట్టాను. నువ్వు మేనల్లుడి వేషం కట్టావు. చూడగానే గుర్తుపట్టాను, మన డిపార్ట్‌మెంట్ సూది బ్యాండ్. అది ఆయన చేతికి కట్టింది నేను కాదుగా."

డేగ పిస్టల్‌ని కాలితో దూరంగా తన్నాడు. బయట కాపలా ఉన్న డిపార్ట్‌మెంట్ మనుషులు ఆమెని తీసుకెళ్ళారు. బాస్ ఫోన్లో శెభాష్ అన్నాడు, ప్రమోషన్ అన్నాడు. డేగ మధ్యలోనే ఫోన్ పెట్టేశాడు.

కత్తెర తెచ్చి, సూది తగలకుండా ఊపిరి బిగబట్టి బ్యాండ్ కత్తిరించాడు. పెద్దాయన అతని చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు.

"ఎవరో ఏమిటో గానీ, నాకోసమే వచ్చినట్టున్నావు. మంచివాడివి బాబూ. నిన్ను కన్నవాళ్ళు అదృష్టవంతులు."

డేగ తలెత్తలేకపోయాడు. నిజం చెప్పేద్దామని నోరు తెరిచి, మళ్ళీ మూసుకున్నాడు. చెప్పినా కాసేపట్లో పెద్దాయన మరిచిపోతాడు. డేగ మెదడు మాత్రం, దురదృష్టం కొద్దీ, నిక్షేపంగా ఉంది.