నూతి దగ్గర చెయ్యి చాపే పాప

మా ఊరు కలిసాత్‌లో పొద్దుగూకాక మగ్రిబ్ నమాజు పిలుపు వినపడ్డాక తూనిక గుమాస్తా ఇంటి వైపు ఎవరూ పోరు. పాత పంచదార మిల్లు గోడకు ఆనుకుని ఉంటుందా ఇల్లు. పెరట్లో నుయ్యి. ఆ నూతిలో పడిన చేద తిరిగి పైకి రావడం నేను పుట్టాక చూడలేదు...

అక్కడుండేది కుంతిలనక్. పురిట్లో పోయి దెయ్యమైన ఆడమనిషి. ఆవిడ వచ్చేముందు పువ్వుల వాసనో, మొగలాకు వాసనో వస్తుంది. తర్వాత కోడిపిల్ల కియ్యిమంటుంది. ఆ కూత గట్టిగా వినపడితే భయం లేదు, ఆవిడ దూరంగా ఉన్నట్టు. మెల్లిగా వినపడిందా — మీ వెనకే ఉన్నట్టు.

నాకు ఇవన్నీ కొత్త కాదు. నలభై ఏళ్ళు చెరకు రైలు నడిపినవాణ్ణి. ఒక రాత్రి పట్టాల మీద ఏడుగురు కుంతిలనక్‌లు వరసగా కూర్చుంటే, ఈల వేసి, "అమ్మా, మిల్లుకు ఆలస్యమవుతోంది" అన్నాను. ఆరుగురు లేచారు. ఏడో ఆవిడ క్షమించమని కూడా అడిగింది. అందుకే ఈ చుట్టుపక్కల దెయ్యం గొడవ ఏదొచ్చినా, "పక్దే ఎక్కడ?" అంటూ నాకోసం వస్తారు. పక్దే అంటే పెదనాన్న. ఊరందరికీ నేను పెదనాన్ననే.

అలాంటి నన్ను కూడా విసిగించిన ఇల్లు అదొక్కటే. విసిగించింది దెయ్యం కాదు. తుగిమన్.

తుగిమన్ మిల్లులో బాయిలరు దగ్గర పని చేస్తాడు. మనిషి మంచివాడే, కానీ దారిలో కనిపించిన జీవాన్నల్లా ఇంటికి తెస్తాడు. మూడు పిల్లులు. తొమ్మిది పిల్లలతో ఒక కోడి. ఒక తాబేలు. పాటల పందేలకని పెంచే మురాయ్ పిట్ట. వీటన్నిటి మీదా ఒక పునుగు పిల్లి. ఇంత సంతకు ఇల్లు అద్దెకిచ్చేవాళ్ళెవరు? మూడిళ్ళవాళ్ళు వెళ్ళగొట్టారు. చివరికి ఎవరూ ఉండని ఆ తూనిక గుమాస్తా ఇల్లు దొరికింది. అక్కడ పిల్లుల గురించి ఎవరూ అడగలేదు.

అతని పెళ్ళాం వినార్తికి అప్పట్నించీ తిప్పలు మొదలయ్యాయి.

మొదటి వారం, చీకటి పడగానే మొగలాకు వాసన గుప్పుమంది. ఆవిడ అతన్ని కుదిపింది. మా వైపు పెళ్ళాలు మొగుణ్ణి మస్ అని పిలుస్తారు. "మస్... మస్... వాసన..."

"పునుగుది," అన్నాడు తుగిమన్, పక్కకు తిరిగి. "దాని ఒంటి వాసనే అంత. పడుకో."

రెండో వారం, అటక మీద అడుగుల చప్పుడు. "పిల్లులు," అన్నాడు.

మూడో వారం, పెరట్లో ఏదో ఈడుస్తున్నట్టు... జర్ర్... ఆగింది... జర్ర్... "తాబేలు. డొప్ప గచ్చుకు రాసుకుంటోంది."

నాలుగో వారం, మెల్లిగా, చాలా మెల్లిగా... కియ్... కియ్...

"కోడిపిల్లలు—"

"నోరు మూసుకో!" అందిట వినార్తి. "దేనికైనా నీ దగ్గర ఒక జంతువుంటుంది! రేపు నిజంగా దెయ్యమే వచ్చి నా జుట్టు పట్టుకుంటే, 'మురాయ్ గూడు కట్టుకుంటోంది' అంటావు! అసలు వచ్చిందో లేదో నాకు తెలిసేదెలా?"

అదీ ఆవిడ బాధ. దెయ్యం ఉందంటే ఆవిడ తట్టుకునేది. లేదంటే ఇంకా హాయి. ఉందో లేదో తెలియకుండా, పొద్దున లేస్తే అయిదు రకాల పెంట ఎత్తి, అయిదు రకాల మేత వేసి, పొద్దుగూకితే చెవులు రిక్కించుకుని కూర్చోవడం... ఎన్నాళ్ళని?

దానికి తోడు, మిల్లు గోడ పక్కనుంచి వచ్చిన ఇద్దరు ముగ్గురు నూతి దగ్గర ఒక పాపను చూశామన్నారు. గౌను వేసుకుని నిలబడిందట. మొహం కదలదట. చెయ్యి మాత్రం చాపుతుందట. ఉప్పు విసిరి పరుగెత్తామన్నారు.

వినార్తి తేల్చేసింది. "శుక్రవారం పొద్దున బ్లితర్ బస్సు ఎక్కుతున్నాను. మా అమ్మ దగ్గరికి. నీ జంతువులుంటే నేను రాను. అవి పోతే కబురు చెయ్యి."

గురువారం మధ్యాహ్నం తుగిమన్ నా దగ్గరకొచ్చి కూలబడ్డాడు. "పక్దే, ఎలాగైనా సరే. నా పెళ్ళాన్ని ఆపు."

నేను ఆలోచించాను. నాలాంటివాడు ఆలోచిస్తే ఎక్కువసేపు పట్టదు. "హాజరు తీసుకుందాం," అన్నాను. "ఇంట్లో ఉన్న ప్రతి ప్రాణినీ పొద్దుగూకే ముందే ఒక గదిలో పెడదాం. తలుపు గడియ. ఆ తర్వాత బయట చప్పుడైతే దెయ్యం. కాకపోతే నీ పెళ్ళాం బస్సెక్కక్కర్లేదు."

చెప్పడం తేలిక! మూడు పిల్లుల్ని ఒక గదిలోకి తోలి చూడండి తెలుస్తుంది. ఒకదాన్ని తెస్తే ఇంకోటి కిటికీలోంచి పోయింది. పునుగు పిల్లి నా బొటనవేలు కొరికింది. కోడి బుట్ట మీదికెక్కి కూర్చుని దిగనంది. మురాయ్ పంజరం మీద గుడ్డ కప్పితే లోపల తిట్టినట్టు అరిచింది. తాబేలు ఒక్కటే మర్యాదగా ఉన్నచోటే ఉంది. ఉంది కదా అని పక్కకు చూశాను... మంచం కిందికి దూరింది! పెద్దపులిని తోక పట్టి ఆపినవాణ్ణి నేను — ఆ సాయంత్రం చెమటతో తడిసి ముద్దయ్యాను.

మగ్రిబ్ అయింది. గడియ వేశాం. ఒక్క బల్బు.

"పిల్లులు మూడు," అంది వినార్తి వేళ్ళు మడుస్తూ. "పునుగు ఒకటి. తాబేలు ఒకటి. పిట్ట. కోడి. పిల్లలు... ఏడు... ఎనిమిది..."

ఆగింది. మళ్ళీ లెక్కపెట్టింది.

"ఎనిమిదే."

అప్పుడు వినపడింది. బయట. నూతి వైపు నుంచి.

జర్ర్... జర్ర్...

మా కళ్ళు మంచం కింద తాబేలు మీదికి పోయాయి. అది తల లోపలికి లాక్కుని కదలకుండా ఉంది.

తర్వాత — మెల్లిగా... ఎంత మెల్లిగానో...

కియ్... కియ్...

తుగిమన్ పునుగు పంజరాన్ని రొమ్ముకు అడ్డం పెట్టుకున్నాడు. నేను శత్రువును పైనుంచి చూడ్డం మంచిదని బియ్యం డబ్బా ఎక్కాను.

"ఇప్పుడు చెప్పు, మస్," అని గుసగుసలాడింది వినార్తి. "ఏ జంతువది? చెప్పు."

అతను పిల్లులకేసి చూశాడు. మూడూ లోపలే ఉన్నాయి.

ఎవరైనా ఆ చోట స్పృహ తప్పేవాళ్ళే. వినార్తికి మాత్రం నెల రోజుల కోపం ఒక్కసారి తలకెక్కింది. గడియ లాగి తలుపు తెరిచింది.

"ఎవర్తివే నువ్వు? నా కోడిపిల్లను ఇటియ్యి!"

గుమ్మంలోంచి వెలుగు నూతి చప్టా మీద పడింది.

పాప ఉంది అక్కడ. మోకాలెత్తు. మాసిన పసుపుపచ్చ గౌను. గులాబిరంగు బుగ్గలు. నవ్వుతున్న పెదాలు, రెప్పలు లేని కళ్ళు... మొహంలో ఏదీ కదలడం లేదు. ఎడమ చేతి మడతలో, పసిబిడ్డను పట్టుకున్నట్టు, కోడిపిల్ల. కుడి చెయ్యి మా వైపు చాపి ఉంది.

తర్వాత అది వంగి దణ్ణం పెట్టింది.

ఒక కర్ర తీసి గొడుగులా భుజాన పెట్టుకుంది. నూతి చుట్టూ ఒక్కో అడుగూ వేస్తూ బజారుకు పోతున్న మనిషిలా నడిచింది. జర్ర్... జర్ర్... వెనకాల నడుము నుంచి ఒక ఇనప గొలుసు, ఆ గొలుసు పక్కన — తోక.

ఆ నడక మా ఊళ్ళో చూడనివాళ్ళెవరు? డోలు వాయించుకుంటూ వీధుల్లో తిరిగే ఆటగాళ్ళు కోతి తలకు బొమ్మ తలకాయ తగిలించి ఆడించే ఆట అది. కోతి బజారుకు పోతుంది. గొడుగు వేసుకుంటుంది. చివర్న చెయ్యి చాపుతుంది. ఎవరి దగ్గర్నుంచో తెంపుకుని వచ్చింది. మనిషి కనిపించినప్పుడల్లా బొమ్మ తల పెట్టుకుని ఆడింది, ఆడితేనే తిండి అని నేర్చుకుంది కనక. నెల రోజులుగా మేం దానికి పెట్టింది ఉప్పు.

వినార్తి చప్టా మీద కూలబడింది. "మస్, అరటిపండు," అంది.

పండు అందుకోగానే అది కోడిపిల్లను వదిలి, బొమ్మ తల తీసి పక్కన పెట్టింది. లోపల ముడతలు పడిన పిడికెడు మొహం. రెండు బుగ్గల్లోనూ కుక్కుకుంటూ తింటోంది.

తుగిమన్ గుమ్మంలోంచే, "వినార్తీ, వద్దు," అన్నాడు. "నా మాట విను. కోతి కరుస్తుంది. పిల్లుల్ని బతకనివ్వదు. ఇప్పటికే అయిదు రకాలు—"

"అయిదు రకాలు తెచ్చిందెవరు, నేనా? ఆకురాయి పట్రా. గొలుసు కొయ్యాలి. నడుము చుట్టూ పుండు పడింది, చూడు."

"మరి... రేపు బస్సు?"

"నేను బస్సెక్కితే దీనికి అన్నం పెట్టేదెవరు? నువ్వా? చప్పుడు వింటే తాబేలంటావు, నువ్వా చూసేది!"

పరిస్థితి నా అదుపులోకి వచ్చిందని నేను బియ్యం డబ్బా మీంచి దిగాను. డబ్బా దభీమని పడింది.

కోతి అదిరిపడింది. సగం పండు కింద పారేసి, గబగబా బొమ్మ తల తగిలించుకుని, నిటారుగా నిలబడి, నా వైపు చెయ్యి చాపింది.

వినార్తి రెండు చేతులతో ఆ తలకాయను మెల్లిగా పైకెత్తి తీసేసింది.

"అక్కర్లేదు," అంది. "కూర్చుని తిను."