అక్క ఆపిన చోట

"ఈ చివరి ఆరు లైన్లు మీ అక్కగారివి కావు."

ప్రెస్సులో ప్రూఫులు దిద్దే అమ్మాయి తల కూడా ఎత్తకుండా అన్న మొదటి మాట అదే. అక్క కవితల్ని పుస్తకంగా వేయించడానికి వచ్చిన, కళ్ళజోళ్ళ షాపులో పనిచేసే యువకుడికి ఒళ్ళు మండింది.

"మా అక్కని మీరెప్పుడైనా చూశారా?"

"లేదు. యాభై రెండు కవితలు చదివాను. ఆవిడ ఒక్కచోట కూడా 'కన్నీరు' అనలేదు. ఇక్కడ ఆరు లైన్లలో మూడుసార్లు కారింది. లీకేజీ మీదేనా?"

అతను నవ్వబోయాడు. నవ్వు రాలేదు. నాలుగు నెలల క్రితం జ్వరమని ఆసుపత్రిలో చేరిన అక్క మళ్ళీ ఇంటికి రాలేదు. ఆమె నోటుబుక్కులో ఆఖరి కవిత సగంలోనే ఉండిపోయింది. దాన్ని అలా చూడలేక తనే పూర్తిచేశాడు.

ఆ సంగతి చెప్పేసరికి అమ్మాయి పెన్ను కింద పెట్టేసింది. "క్షమించండి. నాకు నోటిదురుసు."

పక్కనే తన పుస్తకం ప్రూఫులు చూసుకుంటున్న ముసలి కవిగారు "ఇలా ఇవ్వు బాబూ" అని కాగితం అందుకుని రెండుసార్లు చదివారు.

"నీ దుఃఖం నీది. దాన్ని ఆమె నోట పలికించకు. కాదనడానికి ఆమె లేదు కదా! ఆమె ఆపిన చోటే ఆపు. మిగతా పేజీ తెల్లగా వదిలెయ్యి. చెప్పుకోవాల్సింది ఉంటే ముందుమాటలో నీ పేరుతో రాసుకో."

"సగం కవిత చూస్తే మా అమ్మ తట్టుకోలేదండీ."

"తట్టుకోలేనిది మీ అమ్మా, నువ్వా?"

అతను పెన్ను తీసుకుని ఆ ఆరు లైన్లూ కొట్టేశాడు.

ముందుమాటకి మూడు వారాలు పట్టింది. అతను రాసుకొచ్చేవాడు, ప్రూఫుల అమ్మాయి కొట్టేసేది.

"ఇది అక్క కాదు, సంతాపసభ. ఆవిడ మిమ్మల్ని ఏమని తిట్టేదో రాయండి."

తిట్లు రాస్తుంటే ఇద్దరికీ నవ్వొచ్చింది. నవ్వుతూనే అతను ఏడ్చేశాడు. ఏడుపు ఆగేదాకా ఆమె కిటికీలోంచి వాన చూస్తూ కూర్చుంది.

పుస్తకం చేతికొచ్చిన రోజూ వానే.

"ఇక ప్రెస్సుకి రావడానికి నాకు వంక లేదు," అన్నాడు.

"వంక లేకుండా రావడం చేతకాదా?"

"వస్తే?"

"కూర్చోమంటాను," అని ఆమె తల దించుకుంది.

"ముందు అమ్మకి ఇవ్వాలి. ఒక్కణ్ణే వెళ్ళలేను. మీరూ వస్తారా?"

ఆమె గొడుగు తీసుకుంది.

అమ్మ గుమ్మంలోనే నిలబడి పేజీలు తిప్పింది. ఆఖరి కవితలో అక్షరాలు ఆగిపోయిన చోట ఆమె వేలు ఆగింది.

"ఇక్కడ నేను పిలిచాన్రా, అన్నం చల్లారిపోతోందని. వస్తున్నానమ్మా అని పెన్ను మూసింది. తిన్నాక ఒళ్ళు కాలిపోతోందంది."

తెల్లగా మిగిలిన పేజీని అమ్మ అరచేత్తో నిమిరింది.

"ఇలా ఉంచి మంచి పని చేశావు."

"కవిగారు చెప్పారమ్మా. అసలు నా రాతని పట్టుకున్నది ఈవిడే."

అమ్మ ఆ అమ్మాయిని చూసింది. అమ్మాయి వేళ్ళని గట్టిగా పట్టుకుని ఉన్న కొడుకు చేతినీ చూసింది. ఎప్పుడు పట్టుకున్నాడో అతనికే తెలియదు.

"తడిసిపోయావేంటమ్మా! లోపలికి రా. అన్నం తిని వెళుదువుగాని."

అక్క పోయాక ఆ ఇంట్లో మళ్ళీ మూడు కంచాలు పెట్టింది ఆ రోజే.