సిలిండర్ మీద మూడు దెబ్బలు

మధ్యాహ్నం భోజనాలు ఇంకా ముగియకముందే అలెగ్జాండ్రియా మీద చీకటి కమ్మేసింది. చలికాలం మొదట్లో సముద్రం మీంచి వచ్చే ఈ గాలివానను ఊళ్ళో ఖాసిం అంటారు. ఏటా చుట్టంలా వస్తుంది, వస్తూనే కరెంటు తీసుకుపోతుంది.

ఆ భవనం నడిమధ్యన, నేల నుంచి పైకప్పు దాకా, వెలుతురు కోసం వదిలిన ఖాళీ ఒకటుంది. మన్వర్ అంటారు దాన్ని. పేరుకే వెలుతురు. ఎండ మూడో అంతస్తు దాటి కిందికి దిగిన పాపాన పోలేదు. అందరి వంటింటి కిటికీలూ అందులోకే తెరుచుకుంటాయి. వెల్లుల్లి వేగే వాసనా, బట్టల సబ్బు వాసనా, మొగుడూ పెళ్ళాల తగువులూ అన్నీ గోడల వెంట జారి అడుగున చేరతాయి. ఆ అడుగున బ్యాటరీ దీపం పెట్టుకుని రఊఫ్ ఒక పాత మోటార్‌సైకిల్ ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు.

జర్మనీ బండి. మోచేతులు చాపినట్టు అటొక సిలిండరూ ఇటొక సిలిండరూ. వెనక చక్రానికి రెండు పక్కలా సామాన్ల కోసం రేకు పెట్టెలు. ట్యాంకు ఒక్కసారి నింపితే ఎడారి దారిలో సగం దూరం లాగేసే రకం. వీధుల్లో తిరగడానికి కాదు, ఊళ్ళు దాటడానికి పుట్టింది. దొరికినప్పుడు దాని హ్యాండిల్ మెలితిరిగి ఉంది, చక్రాల పుల్లలు సగం లేవు. రఊఫ్ రోజూ బడి నుంచి వచ్చి, చొక్కా కూడా మార్చుకోకుండా దీని దగ్గర కూలబడేవాడు. ట్యాంకులో తుప్పు వదిలించడానికి వెనిగర్ పోసి, గుప్పెడు నట్లు వేసి గంటలకొద్దీ ఊపాడు.

“అది ట్యాంకా, ఉయ్యాలా? పుట్టబోయేవాడికి కూడా కాస్త మిగుల్చు ఆ ఊపుడు” అనేది అతని భార్య నివీన్, ఏడు నెలల కడుపు మీద చెయ్యి వేసుకుని.

ఈ బండి దొరికింది ట్రాం దారికి అవతలి సందులో, శిథిలాలు అమ్మేవాడి దగ్గర. కిందటి చలికాలం ఆ సందులో ఒక భవనం కూలింది. కూలింది అనేది పత్రికల మాట. ఈ ఊళ్ళో ఇళ్ళు కూలవు, కూల్చబడతాయి. ఐదంతస్తుల పునాది మీద తొమ్మిది అంతస్తులు లేపినవాడి పేరు ఫర్గలీ. కాంట్రాక్టరు. పడకల్లోనే సమాధి అయినవాళ్ళ చావుకు అతను చెప్పిన కారణం: వాన. జామీను మీద బయటికొచ్చి, ఇప్పుడు రఊఫ్ వాళ్ళ భవనం నెత్తిన కొత్త అంతస్తు కడుతున్నాడు. పాతకాలపు తక్కువ అద్దెలకు ఉంటున్నవాళ్ళు భయపడి ఖాళీ చేస్తే చాలు, అతనికి నేలా ఆకాశమూ రెండూ దక్కుతాయి.

బడిలో చరిత్ర చెప్పే రఊఫ్‌కు ఇలాంటివి పుస్తకాల్లో చదివి చదివి రక్తం మరిగి ఉంది. వీధి తలుపు మీద ఎర్ర రంగుతో తానే రాశాడు: ఇల్లు వదలం, హక్కు వదలం. మెట్ల మీద అందరినీ కూర్చోబెట్టి ప్రమాణం చేయించాడు. ఆదివారం కోర్టు దాకా ఊరేగింపు. ఊరేగింపు ముందు ఈ బండి నడవాలి. రాళ్ళ కింద పాతిపెట్టినా లేచి వచ్చిందని లోకం చూడాలి.

అందుకే అతని చేతులు ఒక్కచోట నిలవడం లేదు. స్పానర్ తీస్తున్నాడు, పెడుతున్నాడు, మళ్ళీ తీస్తున్నాడు.

వంటింటి కిటికీలోంచి నివీన్ తొంగి చూసింది. “అక్క మళ్ళీ ఫోన్ చేసింది. కాన్పు అయ్యేదాకా దమన్‌హూర్ వచ్చి ఉండమంటోంది.”

“ఆదివారం కానీ.”

“పడగ్గది గోడ బీటలో ఇప్పుడు నా వేలు దూరుతోంది. మొన్నటిదాకా గోరే పట్టేది.”

“కదలొద్దని అందరికీ చెప్పింది నేను. నా పెళ్ళాన్ని నేనే పంపించేస్తే రేపు మెట్ల మీద ఎవరి మొహం చూడను?”

“నా మొహం చూడు. రోజూ పక్కనే ఉంటుంది.”

అతను వంగి కార్బురేటర్ కింది గిన్నె విప్పాడు. అడుగున మళ్ళీ బూడిదరంగు పొడి. వేళ్ళ మధ్య నలిపాడు. సిమెంటు. ఎన్నిసార్లు కడిగినా ఇంతే. పెట్రోలు గొట్టం మార్చాడు, ట్యాంకు వంచి దులిపాడు, జల్లెడ గుడ్డ కట్టాడు. అయినా గిన్నె విప్పితే సిమెంటే. శిథిలాల్లోంచి వచ్చింది కదా, ఏ మూలనో దాక్కుని ఉంటుందని సర్దిచెప్పుకుని, గిన్నె తుడిచి బిగించి, లేచి కిక్ కొట్టాడు.

ఒకసారి. ఇంకోసారి. తర్వాతిసారి బండి అందుకుంది.

ఆ చప్పుడు మన్వర్ గోడల మధ్య సుడి తిరుగుతూ పైదాకా లేచింది. ఎక్కడో పావురాలు గుంపుగా రెక్కలు కొట్టుకున్నాయి. మూడో అంతస్తు కిటికీ భళ్ళున తెరుచుకుంది.

“ఒరేయ్ రఊఫ్! మా వంకాయ కూర నిండా నీ పొగేరా! నువ్వే చంపేస్తే పాపం ఫర్గలీకి పనేం మిగులుతుంది?” అరిచింది ఉమ్ గలాల్. డెబ్బై దాటిన మనిషి, అందరూ గౌరవంగా హజ్జా అంటారు. ఊరేగింపులో మొదటి వరస నాదేనని గొడవపడిన మనిషి.

“లేచింది హజ్జా! మన బండి లేచింది!”

“లేస్తే లేచింది, నోరు ముయ్యించు దాన్ని!”

నవ్వుతూ తాళం తిప్పాడు. ఎడమ సిలిండర్లో వాల్వులను నెట్టే ట్యాపెట్లు కొంచెం మోగుతున్నాయి. సందు సరిచేస్తే పోతుంది. ఇంజను ఆగింది. పొగ మెల్లగా పైకి పోయింది. వాన చుక్కలు రేకు పెట్టెల మీద పడుతున్నాయి.

టక్. టక్. టక్.

ట్యాపెట్ల చప్పుడు ఆగలేదు.

వేడెక్కిన ఇనుము చల్లారేటప్పుడు చిటపటమంటుందని అతనికి తెలుసు. కానీ అది ఒక లెక్కన ఉండదు, పోను పోను సన్నగిల్లుతుంది. ఇది అలా లేదు. మూడుసార్లు. కాస్త విరామం. మళ్ళీ మూడుసార్లు. ఎడమ సిలిండర్ లోపలి నుంచి, చాలా ఓపిగ్గా.

ఈ ఊళ్ళో పెరిగిన ఎవరి చెయ్యయినా ఆ క్షణంలో అదే పని చేస్తుంది. ఇల్లు పడిన చోట వీధి వీధంతా ఊపిరి బిగబట్టి నిలబడుతుంది. ఒక మనిషి, పొడుచుకొచ్చిన ఇనుప చువ్వ మీద మూడుసార్లు కొట్టి చెవి ఆనిస్తాడు. కింద ప్రాణం ఉంటే బదులొస్తుంది. బదులొస్తే పైనుంచి మళ్ళీ కొడతారు. చిన్నప్పటి నుంచి చూసిందే. రఊఫ్ ఆలోచించలేదు. స్పానర్ తిరగేసి సిలిండర్ మీద మూడు దెబ్బలు వేశాడు.

లోపలి చప్పుడు ఠక్కున ఆగిపోయింది.

“ఎవరు కొట్టింది?” పై నుంచి ఉమ్ గలాల్ గొంతు. ఈసారి అరుపు కాదు, గుసగుస.

“నేనే హజ్జా.”

“అంతకు ముందు?”

అతను నవ్వబోయాడు. “బండి.”

ఉమ్ గలాల్ కిటికీలోంచి కిందికి వంగింది. “తెలిసీ పలికావేమిట్రా. బదులు కొట్టడమంటే వస్తున్నామని మాటివ్వడం. పార పట్టేవాడే కొట్టాలి. ఆ సందులో ఇల్లు పడ్డాక మర్నాటిదాకా చప్పుడు వినిపిస్తూనే ఉంది, నేను విన్నాను. పైన తవ్వేవాళ్ళు బదులు కొట్టారు కూడా. తర్వాత యంత్రాలు తెచ్చి చదును చేసేశారు. నీ బండి ఉందే, అది సబ్రీది. అతని పెళ్ళాం శవం దొరికింది. సబ్రీ దొరకలేదు.” గొంతు ఇంకా తగ్గింది. “అతనికి తెలుసు, ఎవరో ఒకరు పలికారని...”

కిటికీ మూసుకుంది. గడియ వేసిన చప్పుడు కూడా వినిపించింది.

ముసలాళ్ళ భయాలు! రఊఫ్‌కు ఒళ్ళు మండింది. భయమే కదా ఆ ఫర్గలీ ఆయుధం. వాడి మనుషులు మురుగు గొట్టంలో దూరి ఇనుము మీద కొడుతున్నారు, అంతే. ఇవాళ ఒక చప్పుడు, రేపు ఇంకో చప్పుడు, ఎల్లుండి సగం భవనం ఖాళీ. ఈ దుర్మార్గాన్ని పునాదితో సహా పెళ్ళగించాలి... అనుకుంటూనే చుట్టూ చూశాడు. దీపం మసకబారింది. దుమ్ము వాసన వస్తోంది. వాన పడుతున్నా పొడి దుమ్ము వాసన. కొత్త సున్నం, పాత గుడ్డలు, మూసిన గది... అన్నీ కలిసిన వాసన.

టక్. టక్. టక్.

ఈసారి బండిలోంచి కాదు. నేలలోంచి. తన చెప్పుల కిందనుంచి.

పక్కకు జరిగాడు. చప్పుడూ జరిగింది.

మోకాళ్ళ మీద కూర్చుని పలకకు చెవి ఆనించాడు. పలక చల్లగా లేదు. కింద ఎక్కడో ఎవరో ఊపిరి తీస్తున్నారు. తీసి... ఆపి... మళ్ళీ తీస్తున్నారు. ఆ ఊపిరి మధ్యలో ఒక మాట ఉందేమో అనిపించింది. ఇంకా గట్టిగా ఆనించాడు. మాట తెలియలేదు. కానీ ఆ గొంతు ఎంతకాలంగా అడుగుతోందో తెలిసింది. అడిగి అడిగి, అలవాటుగా మాత్రమే అడుగుతున్న గొంతు.

దాన్ని ఆపాలి. అంతే అనుకున్నాడు. ఒక్కసారి ఆగితే చాలు...

“రఊఫ్.”

ఎవరో చాలా దూరం నుంచి పిలుస్తున్నారు.

“రఊఫ్! ఏం చేస్తున్నావు?”

తల ఎత్తాడు. నివీన్ కిటికీలో లేదు, మన్వర్ తలుపు దగ్గర నిలబడి ఉంది. దీపం ఆమె చేతిలో ఉంది. ఆమె మొహం తనకన్నా చాలా ఎత్తులో ఉంది. ఎందుకో ముందు అర్థం కాలేదు. తర్వాత కిందికి చూసుకున్నాడు.

నడుముదాకా గోతిలో ఉన్నాడు.

పలకలన్నీ లేచిపోయి పక్కన పడి ఉన్నాయి. చేతిలో గడ్డపార. అది ఎక్కణ్నుంచి తెచ్చాడో గుర్తు లేదు. గోళ్ళలోంచి రక్తం కారుతోంది. గోతిలో ఎవరూ లేరు. ఎదురుగా ఒక స్తంభం మొదలు మాత్రం ఉంది. మట్టి మొత్తం తొలిచేసిన, బోడి స్తంభం. సిమెంటు పెచ్చులుగా రాలిపోయి తుప్పు పట్టిన చువ్వలు పక్కటెముకల్లా బయటపడ్డాయి. భవనం బరువంతా మోస్తున్న స్తంభం అది.

పై నుంచి పిండిలాంటి పొడి అతని భుజం మీద రాలింది.

“బయటికి రా” అంది నివీన్, పెదాలు కదలకుండా. “మెల్లగా రా. ఏదీ ముట్టుకోకు.”

గడ్డపార వదిలేశాడో, జారిందో... పైకి పాకాడు. ఆమె చెయ్యి పట్టుకున్నాడు. మెట్ల దగ్గరికి వచ్చి, ఇన్నాళ్ళూ కదలొద్దని అరిచిన గొంతుతోనే అరిచాడు: “బయటికి! అందరూ బయటికి! సామాన్లు వద్దు, చెప్పులొద్దు, దిగండి!”

ఎందుకని ఎవరూ అడగలేదు. అతను చెప్పాడు కాబట్టి దిగారు. పిల్లల్ని చంకనేసుకుని, పొయ్యి మీద కుండలు వదిలేసి, వానలోకి దిగారు. ఉమ్ గలాల్‌ను ఇద్దరు కుర్చీతో సహా మోసుకొచ్చారు. “కూర దించారా ఎవరైనా?” అని ఆమె అడుగుతూనే ఉంది. ఎదుటి అరుగు మీద అందరూ చేరారు. ఒకరి పేరు ఒకరు పిలుచుకున్నారు. ఒక్కరూ తక్కువ లేరు.

భవనం పడలేదు. వానలో నల్లగా తడుస్తూ నిలబడే ఉంది. కిటికీలన్నీ చీకటి.

రఊఫ్ ఊపిరి పీల్చుకున్నాడు. నివీన్ చెయ్యి ఇంకా అతని చేతిలోనే ఉంది. చాలు. ఇల్లు పోతే పోనీ, హక్కు కోసం రోడ్డు మీద కూర్చునైనా పోరాడొచ్చు. ఈ చెయ్యి ఉంటే చాలు. రేపే దమన్‌హూర్ పంపించేస్తానని చెప్పాలనుకున్నాడు.

అప్పుడు వినిపించింది.

లోపల, మన్వర్ అడుగున, ఎవరో తవ్వుతున్నారు.

ఖణ్... ఖణ్... గడ్డపార పడుతోంది. మట్టి పక్కకు పోతోంది. మళ్ళీ పడుతోంది. వీధంతా నిశ్శబ్దమైపోయింది. పిల్లలు కూడా ఏడుపు మానేశారు. ఇల్లు పడిన చోట నిలబడినట్టే, అందరూ ఊపిరి బిగబట్టారు.

పార చప్పుళ్ళ మధ్య ఒక గొంతు. నినాదాలిచ్చి బొంగురుపోయిన గొంతు.

“ఓపిక పట్టు... వస్తున్నా... ఇంకొంచెం...”

నివీన్ ఉలిక్కిపడింది. అప్రయత్నంగా ఆ తలుపు వైపే తిరిగి పిలిచింది: “రఊఫ్?”

పార ఆగింది.

“నివీన్! లోపలికి రాకు!” ఆయాసపడుతూ పలికింది ఆ గొంతు. “నా కోసం ఆగకు. అక్క దగ్గరికి వెళ్ళిపో. నువ్వు చెప్పినప్పుడే పంపించాల్సింది.”

మళ్ళీ పార పడింది.

నివీన్ కదల్లేదు. చాలాసేపటికి మెల్లగా తల తిప్పి, తన చెయ్యి పట్టుకుని నిలబడినవాణ్ని కింద నుంచి పైదాకా చూసింది. ఇన్నేళ్ళ కాపురంలో ఎప్పుడూ అలా చూడలేదు. కొత్తవాణ్ని చూసినట్టు.

నేనే, అందామని రఊఫ్ నోరు తెరిచాడు. ఊపిరి వచ్చింది కానీ మాట రాలేదు.

ఆమె ఒక్కొక్క వేలే విడిపించుకుని, కడుపు పట్టుకుని, వెనక్కి జరిగింది. ఆమె జరిగితే అరుగు మీద ఉన్నవాళ్ళందరూ జరిగారు.

వదిలేసిన చేతిని అతను మొహం దగ్గరికి తెచ్చుకుని చూశాడు. గోళ్ళలో రక్తం లేదు, బూడిదరంగు సిమెంటు ఉంది. కుండపోతగా కురుస్తోంది వాన. ఆ చెయ్యి మాత్రం పొడిగా ఉంది.