చెప్పుకోని మంట

జోజమ్మ పెనం మీద పెసరట్టు తిరగేస్తుంటే వీధిలో ఆటో ఆగిన చప్పుడైంది. వాకిట్లో గడ్డి పరిచి రసాల మామిడిపళ్లు పేర్చుకుంటున్న భర్త సువర్ణరాజు, "హన్నా వచ్చింది," అని కేకేశాడు. కోతల రోజుల్లో కూతురు ఫోనైనా చేయకుండా అత్తవారి ఊరు బాపులపాడు నుంచి రావడం జోజమ్మకి వింతగా తోచింది. చేతులు తుడుచుకుని బయటికొచ్చేసరికి హన్నా పసివాణ్ణి తాత చేతిలో పెట్టి నిలబడి ఉంది.

"రా, వేడిగా ఉంది, తిందువుగాని."

"తినడానికి రాలేదమ్మా. ఒక్క మాట అడగాలి. నా కొడుకు జ్ఞానస్నానానికి నువ్వెందుకు రాలేదు?"

"ఒంట్లో బాలేదన్నాను కదే."

"ఇంటి పనంతా చేసుకుంటున్నావు, గుడికి రావడానికే ఒంట్లో బాలేదా? మీ అమ్మకి మేమంటే చిన్నచూపా అని మా అత్తగారు అందరిలో అడిగారు. నేనేం చెప్పాలి?"

జోజమ్మ తల దించుకుంది. రెండేళ్ల కిందట నెలసరి ఆగిపోయాక మొదలైంది ఆ మంట. మూత్రానికి వెళ్లొచ్చిన కాసేపటికే మళ్లీ వెళ్లాలి. వేడి చేసిందని మొగుడు మెడికల్ షాపు నుంచి మాత్రలు తెచ్చేవాడు. తగ్గేది, విరేచనాలు పట్టుకునేవి, ఆ తర్వాత మంట మళ్లీ వచ్చేది. బయటికెళ్లాలంటే ముందు రోజు నుంచే నీళ్లు తాగడం మానేసేది. ఇవన్నీ నోరు తెరిచి చెప్పే మాటలా?

"అడిగి అడిగి నేనూ విసిగిపోయాను," అన్నాడు సువర్ణరాజు. "గుడి మానేసింది. ఎవరింటికీ రాదు. అంతా మొండితనం."

ఆ మాటతో ఆమె ఓర్పు తెగిపోయింది.

"మొండితనం కాదండీ. ఆపుకోలేను. మట్టల ఆదివారం నాడు గుడిలో పూజ మధ్యలో లేచొచ్చేశానా, ఇల్లు చేరకముందే చీర తడిసిపోయింది. నలుగురిలో అలా జరిగితే నా కూతురి మొహం ఏమవుతుందని రాలేదు."

లోపల అట్టు మాడిన వాసన వచ్చినా ఎవరూ కదల్లేదు. హన్నా వచ్చి తల్లి భుజం మీద తల వాల్చింది.

"వేడనుకుని ఆ మాత్రలే తెచ్చి మింగించాను," అన్నాడు సువర్ణరాజు నెమ్మదిగా. "చొక్కా వేసుకొస్తాను. డాక్టర్ దగ్గరికి పోదాం."

ఊళ్లోని లేడీ డాక్టర్ అంతా విని, పరీక్ష చేసింది. "నెలసరి ఆగాక ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ తగ్గిపోతుందమ్మా. దాని అండతోనే ఆ భాగంలో మంచి బాక్టీరియా కాపలా ఉంటుంది. అది పోతే, పేగుల్లో మామూలుగా ఉండే బాక్టీరియా మూత్రం దారిలోకి చేరి ఇలా బాధపెడుతుంది. పరీక్ష లేకుండా వాడిన యాంటీబయాటిక్ మాత్రలు పేగుల్లోని మంచివాటినీ చంపేస్తాయి. అందుకే ఆ విరేచనాలు."

"నా శుభ్రతలోనే లోపమేమో అనుకున్నానండీ."

"మీ తప్పేం లేదు. ఈ వయసులో చాలామందికి వస్తుంది, బయటికి చెప్పరంతే. మూత్రం పరీక్ష చూసి సరైన మందిస్తాను, తర్వాత హార్మోన్ క్రీమ్ వాడదాం. నీళ్లు మాత్రం మానకండి."

బయట సువర్ణరాజు పసివాణ్ణి ఎత్తుకుని దూరంగా తిరుగుతున్నాడు. బెంచీ మీద కూర్చున్నాక జోజమ్మకి కన్నీళ్లు ఆగలేదు. రెండేళ్లు తనను తానే అసహ్యించుకుంది.

"నాకైనా చెప్పాల్సింది కదమ్మా," అంది హన్నా.

"కూతురితో చెప్పే మాటలా ఇవి?"

హన్నా చీర కుచ్చెళ్లు సర్దుకుంది. "కాన్పయినప్పటి నుంచి నాకూ దగ్గితే మూత్రం పడిపోతోందమ్మా. కుట్ల దగ్గర నొప్పి. ఆయనక్కూడా చెప్పలేదు."

జోజమ్మకి గుర్తొచ్చింది. ఈ పిల్ల పెద్దమనిషైన రోజున, ఇలాంటివి ఎవరి దగ్గరా ఎత్తకూడదని చెప్పింది తనే. ఆ మాటే కూతురు తు.చ. తప్పకుండా పాటిస్తోంది.

ఆమె లేచి కూతురి చెయ్యి పట్టుకుంది. "ఏవండీ, పిల్లాణ్ణి ఇంకాసేపు చూడండి."

"రేపు వద్దాంలే అమ్మా."

"రేపు కాదు. ఇప్పుడే."

తలుపు తోసి, డాక్టర్ తలెత్తి చూసేలోగా చెప్పింది. "మా అమ్మాయికి కూడా బాధగా ఉందండీ. మీరు అడగండి. తను చెప్పలేకపోతే నేను చెప్తాను."